కృష్ణ పేరు మీద మోతి మందు

ఉదయం బడి బస్సు వీధి మలుపులో ఆగి హారన్ కొట్టింది. కొట్టింది కృష్ణ కాదు.

నాలుగేళ్లుగా ఆ బస్సు నడిపిన మనిషి ఆ వేళకు ఇంట్లో నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. నిద్రపోయేవాడి భుజాలు అంత బిగుసుకుని ఉండవు.

ఇంటి కుక్క మోతికి ఇవేమీ తెలియవు. బస్సు చప్పుడు వినగానే తోక ఆడించుకుంటూ రేకు గేటు దాకా ఉరికి, కింది సందులో మూతి పెట్టి వాసన చూసింది. బస్సు వెళ్లిపోయింది. మోతి తిరిగి వచ్చి, మంచం మీది నుంచి వేలాడుతున్న కృష్ణ చేతిని ఒకసారి నాకి అక్కడే ముడుచుకుంది.

కృష్ణ చెయ్యి పైకి తీసుకున్నాడు.

వంటింటి గడప మీద కూర్చుని ఇదంతా చూస్తున్న రేణుకకు ప్రాణం ఉసూరుమంది. భర్త తనను నాలుగు తిట్టినా బాగుండేది. రెండు రోజులుగా ఒక్క మాట లేదు. అన్నం పెడితే తింటున్నాడు. మంచినీళ్లు కావాలంటే మాత్రం పక్కనే ఉన్న ఆమెను వదిలేసి, దూరాన ఉన్న తల్లిని అడుగుతున్నాడు.

ఆ తల్లి సమ్మక్క కొడుకు మానేసిన మాటలన్నీ తనే మాట్లాడుతోంది.

"చూడు, మంచిగ చూడు. నా కొడుకు బస్సు ఎవడో తోలుకపోతుండు. నీ కడుపు సల్లగైందా?"

"నేను కావాలని చేసిన్నా అత్తమ్మా?"

"కావాలని చేసినవో, తెల్వక చేసినవో. మొగనికి లేని ఫిట్సు అంటగట్టినవ్. ఏ ఆడిదన్న చేస్తదా గీ పని?"

"గోలీలు అగ్గువకు వస్తయని..."

"అగ్గువ! కుక్కకు అగ్గువ గోలీలు దొరికినయ్, మొగనికి నౌకరి పోయింది. ఎంత మిగిలిందో చెప్పు, నేను గూడ ఇంట."

అత్త అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుంది గనక?

మోతికి మూర్ఛ మొదలైన కొత్తలో హన్మకొండలో కుక్కల డాక్టరుకు చూపించారు. ఆయన వైద్యం మంచిదే. కానీ మందు తన బీరువాలోంచే ఇచ్చేవాడు, చిట్టీ రాయమంటే మాట దాటేసేవాడు. ఆ సీసా ధర కృష్ణ జీతాన్ని నెలనెలా కొరుక్కుతినేది. రేణుక సీసా మీది పేరు చూసుకుని మానుకోటలో బిక్షపతి మందుల దుకాణంలో అడిగింది. కుక్కకని చెబితే నవ్వుతారని ఎవరికోసమో చెప్పలేదు. ఆ మందే గోలీల్లో చాలా తక్కువకు వస్తుందని, కాకపోతే డాక్టరు చిట్టీ లేనిదే ఇవ్వనని బిక్షపతి అన్నాడు. పద్ధతి గల మనిషి.

పక్క సందులో ఒక ప్రైవేటు డాక్టరు ఆమె గోడు విని జాలిపడ్డాడు. కుక్క పేరు మీద తాను రాయకూడదట. ఎవరిదైనా మనిషి పేరు చెప్పమన్నాడు.

రేణుక "కృష్ణ" అంది.

ఆ పేరే ఎందుకు చెప్పిందంటే ఏం చెబుతుంది? ఇంట్లో కరెంటు బిల్లు కృష్ణ పేరు మీద. గ్యాసు, నల్లా, ఇంటి పన్ను అన్నీ కృష్ణ పేరు మీదే. జనగామ హాస్టల్లో చదువుతున్న బిడ్డకు ఏ కాగితం నింపినా ఆ పేరే. పేరు చెప్పమని ఎవరు అడిగినా ఇంటాయన పేరు చెప్పడం ఆ ఇళ్లలో ఆడవాళ్లకు అలవాటు. మూర్ఛ గోలీల చిట్టీ కూడా ఆ వరసలోనే కలిసిపోయింది. ఏడాదిపాటు ఆ చిట్టీతో గోలీలు తెచ్చి, తనంత తెలివైనది ఊళ్లో లేదని రేణుక లోలోపల మురిసింది కూడా.

ఈ ఏడు బిక్షపతి తన చిన్న బిడ్డను కృష్ణ బస్సు నడిపే బడిలో వేశాడు. మొన్న బస్సు ఎక్కిస్తూ డ్రైవరును పలకరించాడు. పేరు కృష్ణ, ఊరు నెల్లికుదురు. తన దుకాణంలో నెలనెలా మూర్ఛ గోలీలు పోయేదీ ఆ పేరు మీదే, ఆ ఊరికే. ఏ తండ్రి ఊరుకుంటాడు? నేరుగా బడికి వెళ్లి కరస్పాండెంటు బాలనర్సయ్య సారుకు చెప్పాడు. ఆ సాయంత్రమే కృష్ణను బస్సు దింపేశారు.

ఇంటికొచ్చి సంగతి విన్న కృష్ణ గూట్లో ఉన్న గోలీలు తీసుకెళ్లి మోరీలో పారేసి వచ్చాడు.

అప్పటి నుంచి మోతికి మందు లేదు.

"అవ్వా, బావ లేచిండా?"

గేటు తోసుకుని వచ్చినవాడు వెంకన్న, రేణుక అన్న. మొగుళ్లపల్లి నుంచి పొద్దున్నే బండి మీద బయలుదేరినట్టున్నాడు, మీసాల మీద కూడా దుమ్ము ఉంది. ఏ ఇంట్లో పంచాయితీ అయినా పిలవకుండా వచ్చి, తీర్పు చెప్పి, భోంచేసి పోయే రకం. చెల్లెలి ఇల్లు కనక ఈసారి నిజంగానే కంగారుపడ్డాడు.

"గా డాక్టరు చెప్తె అయిపోద్ది గదనే, కుక్క కోసమే రాసిన్నని?" అన్నాడు కూర్చుంటూనే.

"నిన్న పోయిన అన్నా. 'గట్ల రాసిన్నని బయట అనకు తల్లీ, నా మీదికి కేసొస్తది' అని చేతులు జోడిచ్చిండు. జాలిపడి చేసిండు, ఆయన్ని ఎట్ల ఇరికియ్యాలె?"

"మరి బావకు ఫిట్సు లేవని పెద్ద దవాఖానల రాపియ్యరాదు?"

ఈసారి మంచం మీది నుంచి జవాబు వచ్చింది.

"అడిగిన. 'గోలీలు ఏసుకునేటోడు మంచిగనే కనవడ్తడు, ఒక్కపారి చూసి లేదని ఎట్ల రాయాలె' అన్నరు." కృష్ణ లేచి కూర్చున్నాడు. "వాళ్ల మాట గూడ కరెక్టే బావా."

"అందరి మాట కరెక్టే, నీ నౌకరొక్కటి పోయింది!" వెంకన్న తొడ చరుచుకున్నాడు. "ఇప్పుడేం చేస్తవ్?"

"భూపాలపల్లి పోత. మల్ల బొగ్గు టిప్పరు తోల్త."

"ఫిట్సున్నోడని పేరు వడ్డంక గాడ మాత్రం స్టీరింగిస్తరా?" అంది సమ్మక్క. "నీ చేతికి వేరే పనేమొచ్చురా బిడ్డా?"

కృష్ణకు బండి నడపడం ఒక్కటే వచ్చు, అది మాత్రం గొప్పగా వచ్చు. పిల్లలు వెనక సీట్లలో నిద్రపోతుంటే గుంతల రోడ్డు మీద కూడా వాళ్ల నిద్ర చెడకుండా తెచ్చేవాడు. అలాంటివాడి బండి ఎక్కడానికి పిల్లలు భయపడాలట.

వెంకన్న కాసేపు మోతివైపు చూశాడు. ఆలోచన తట్టింది. తట్టిన ఆలోచనను కడుపులో దాచుకునే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు.

"గోలీలు ఎయ్యకుంటె దీనికి ఫిట్సొస్తదా?"

"వస్తది" అంది రేణుక. "రెండొద్దులాయె ఎయ్యక. నాకు అదే పరేషానున్నది."

"పరేషానేందే పిచ్చిదానా! సారును, గా మందుల షాపాయన్ని సాయంత్రం పిలుస్త. కండ్ల ముంగట కుక్క పడ్తె ఇంక ఏ సర్టిఫికెటు గావాలె? గోలీలు ఎవలకో తెలుస్తది. రేపటికి బావ బస్సు మీదుంటడు."

సమ్మక్క కళ్లలో వెలుగు వచ్చింది. "గది మాటంటె."

"అన్నా, గట్ల ఒక్కసారే బందు వెడ్తె పానం పోతదని హన్మకొండ డాక్టరు..."

"కుక్క పానమా, బావ నౌకరా? నువ్వే చెప్పు."

చెప్పే హక్కు రేణుకకు ఎక్కడిది? ఆమె కృష్ణ ముఖం చూసింది. కృష్ణ నేల చూశాడు. వెంకన్న అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

బియ్యం పట్టించుకొస్తానని చెప్పి రేణుక ఇంట్లోంచి బయటపడింది. సంచీ తీసుకోవడం మర్చిపోయింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

పశువుల దవాఖాన ఆ ఊళ్లోనే ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఆ గేటు దాటలేదు. అది బర్లకు, గొర్లకు అని ఊరందరి లెక్క. ఇంటికుక్కను అక్కడికి తీసుకెళ్లినవాడు ఎవడూ లేడు. హన్మకొండ డాక్టరు ఫోను ఎత్తకపోవడంతో వేరే దిక్కు తోచక వచ్చింది. అక్కడ ఒక దున్నకు సూది వేసి చేతులు కడుక్కుంటున్న డాక్టరమ్మ సుమన ఆమె చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది.

"ఎన్నాళ్ల నుంచి వాడుతున్నరమ్మా గోలీలు?"

"ఏడాదైంది మేడం."

"ఏడాది వాడి ఒక్కసారి బందు పెట్టిన్రా? ఈ మందు తగ్గియ్యాలన్నా నిదానంగ తగ్గియ్యాలె. ఎకాఎకి ఆపితే ఫిట్సు మీద ఫిట్సు వస్తది, ఆగదు. ఇంక చేతికి దక్కదు."

రేణుక పక్కనున్న బల్ల అంచు పట్టుకుంది.

"చిట్టీ లేదు మేడం. మనిషి పేరు మీద చిట్టీ తెచ్చే ఈ బాధంత."

సుమన ఆమెను వింతగా చూసింది. "మనిషి పేరెందుకమ్మా? నేను రాస్తే చాలు గదా. కుక్క పేరు రాసి, యజమాని పేరు రాసి, నా ముద్రేసి ఇస్త. ఆ అగ్గువ గోలీలే ఇస్తరు. మీరు నా దగ్గరికే రాకపోతిరి."

"ఇది బర్ల దవాఖాన అనుకున్న మేడం."

సుమన నవ్వలేదు. నవ్వినా రేణుక ఏమీ అనుకునేది కాదు. ఇంటికి నాలుగు సందుల అవతల, అడిగితే దొరికే కాగితం కోసం ఆమె మానుకోట దాకా వెళ్లి అబద్ధం కొనుక్కొచ్చింది. పైసా మిగుల్చుదామని పోయి కట్టుకున్నవాడి అన్నంలో మన్ను పోసింది. అక్కడే నిలబడి ఏడ్చేసింది.

"ముందు గోలీ ఎయ్యిపోమ్మా" అంది సుమన మెల్లగా. "రెండు రోజులు తప్పింది కాబట్టి ఇయ్యాల ఏసినా ఒకపారి రావచ్చు. వస్తే తల కింద మెత్తగ ఏమన్న పెట్టు, నోట్ల చెయ్యి పెట్టకు. ఆగకుంటే నాకు ఫోన్ చెయ్యి."

బస్టాండు దగ్గర దుకాణంలో అబ్బాయి చిట్టీ మీద "మోతి" అని చదివి ఒకసారి నవ్వుకుని గోలీలు ఇచ్చాడు. ఏడాది నుంచి ఏ నవ్వుకు భయపడి దాచుకుందో ఆ నవ్వు ఇంతే. రేణుక గోలీలను కొంగున కట్టుకుని ఇంటికి పరుగులాంటి నడక నడిచింది.

గేటు దాటగానే వెంకన్న ఎదురొచ్చాడు. విషయం తెలిసి ముఖం మాడ్చుకున్నాడు.

"సారు వస్తనన్నడు, షాపాయన గూడ వస్తనన్నడు. పొద్దు గూకకముందే వస్తరు. గంతదాంక ఎయ్యకు."

"డాక్టరమ్మ చచ్చిపోతదన్నది అన్నా."

"ఒక్క పూటకు చావదు. చిట్టీ చూపిద్దామంటవా? ఇయ్యాల్టి తారీకున్న చిట్టీ! నౌకరి పోయినంక రాపిచ్చుకున్నరంటరు."

"రేణుకా, నీకు దండం వెడ్త" అంది సమ్మక్క. పొద్దుటి నుంచి తిట్టిన మనిషి నిజంగానే రెండు చేతులూ ఎత్తింది. "నాకు మాత్రం దాని మీద పగున్నదా? రాత్రి నా కాళ్లకాడ పండుకుంటది. కని వీడు నా కొడుకే."

ఆ చేతులు చూడలేకపోయింది రేణుక. భర్తవైపు తిరిగింది.

"ఏమయ్యా, నువ్వన్న చెప్పు. ఎయ్యమంటవా, వద్దంటవా? నువ్వేదంటె గదే."

కృష్ణ మంచం పట్టె మీద గోరుతో గీస్తూ కూర్చున్నాడు. లేచి పెరట్లోకి వెళ్లి తొట్టి దగ్గర ముఖం కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు.

గోలీలు రేణుక కొంగులోనే ఉండిపోయాయి.

బాలనర్సయ్య సారు కారులో వచ్చాడు. వెంట బిక్షపతి. ఇద్దరికీ కుర్చీలు వేశారు. వెంకన్న పెళ్లిపెద్దలా అటూ ఇటూ తిరిగాడు. రేణుక చాయ్ తెచ్చి ఇచ్చి గోడ దగ్గర నిలబడింది.

మొదట మాట్లాడింది బిక్షపతే. మనిషి ఇబ్బందిగా కదులుతున్నాడు.

"తమ్మీ, నీ మీద నాకేం కోపం లేదు. నా బిడ్డ నీ బస్సుల కూసుంటది. నాకు తెలిసినంక చెప్పకుంట ఎట్లుంట?"

"మీరు చేసింది తప్పు గాదన్నా" అన్నాడు కృష్ణ. "నేనైనా గదే చేస్తుంటి."

ఆ ఒక్క మాటకు బిక్షపతి తల వంచుకున్నాడు.

రేణుక ముందుకొచ్చి జరిగిందంతా చెప్పింది. ప్రైవేటు డాక్టరు పేరు మాత్రం చెప్పలేదు. పశువుల దవాఖాన చిట్టీ చూపించింది. బాలనర్సయ్య కళ్లజోడు పెట్టుకుని చదివాడు, అన్న అన్నట్టే తారీకు దగ్గర ఆగాడు.

"ఇది ఇయ్యాల్టిది గదమ్మా."

"అవు సార్."

"నేను నమ్ముతనే అనుకో. ఎల్లుండి పిల్లల తల్లిదండ్రుల మీటింగున్నది. వాళ్లకు నేనేం చెప్పాలె? కుక్కకని చెప్తె నవ్వరా?"

"సారూ, చెప్పుడెందుకు, కండ్లతోని చూద్దురు" అన్నాడు వెంకన్న. "రెండొద్దులాయె దానికి గోలీ లేక. జర కూసోండ్రి. పడ్తది."

జర కూర్చున్నారు.

అలాంటి కూర్చోవడం ఆ వాకిట్లో ఎన్నడూ జరిగి ఉండదు. నలుగురు పెద్దమనుషులు ఒక కుక్క ఎప్పుడు పడిపోతుందా అని కళ్లార్పకుండా చూస్తున్నారు. మోతికి ఇంతమంది తనను చూడడం కొత్త. పొంగిపోయింది. సారు బూట్లు వాసన చూసింది. బిక్షపతి మోకాలికి తల రాసింది. వెంకన్న దగ్గరికి వెళ్లి వెల్లకిలా పడి కాళ్లు పైకెత్తింది.

"అగో, అగో!" అని వెంకన్న లేచాడు.

మోతి పొట్ట గోకమని అడుగుతోంది. అంతే. వెంకన్న మళ్లీ కూర్చున్నాడు.

చాయ్ చల్లారింది. సారు గడియారం చూసుకున్నాడు. సమ్మక్క పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి ఏం అడుగుతోందో అడగాల్సిన పని లేదు. ఈ కుక్క పడాలని ఇంటిల్లిపాదీ కోరుకుంటోంది. సిగ్గు లేకుండా రేణుక కూడా కోరుకుంటోంది. పడితే భర్త బస్సు ఎక్కుతాడు, మళ్లీ తనతో మాట్లాడతాడు. ఆ ఆశ పుట్టగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

"రోజు గింతసేపటికి పడ్తదా?" అని అడిగాడు సారు.

"లే సార్, ఒక్కోపారి..." వెంకన్న నసిగాడు. తర్వాత మోతిని చూసి చేతులు చరిచి గట్టిగా అదిలించాడు. "ఏయ్! ఉరుకు! ఉరుకుతె వస్తదేమో సారూ."

మోతి బెదిరి, తోక కాళ్ల మధ్యకు లాక్కుని, కృష్ణ కాళ్ల వెనక్కి వెళ్లి నిలబడింది.

కృష్ణ లేచాడు. నేరుగా గోడ దగ్గరికి వచ్చి రేణుక ముందు చెయ్యి చాపాడు. ఆమె కొంగు ముడి విప్పి గోలీ ఆ చేతిలో పెట్టింది. కృష్ణ వంటింట్లోంచి మిగిలిన రొట్టె ముక్క తెచ్చి, గోలీ అందులో పెట్టి, అందరి ఎదుటా వంగి మోతి నోటికి అందించాడు. అది గుటుక్కున మింగి ఆయన వేళ్లు నాకింది.

"బావా!" వెంకన్న నెత్తి పట్టుకున్నాడు.

"సార్, మీ టైం కరాబు చేసినం" అన్నాడు కృష్ణ. "నమ్మేటట్టుంటె నమ్ముండ్రి. పడాలె పడాలె అని దీన్ని చూసుకుంట నేను కూసోలేను."

సమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. బాలనర్సయ్య లేచాడు.

"నీ మనసు నాకర్థమైంది కృష్ణా. కని మీటింగుల మనసు చూపియ్యరాదు గదా. అప్పటిదాంక వేరే డ్రైవరే నడుపుతడు. తర్వాత చూద్దాం."

తర్వాత చూద్దామంటే ఏమిటో ఆ వాకిట్లో అందరికీ తెలుసు. ఇద్దరూ వెళ్లి కారెక్కారు. రేణుక గేటు దాకా సాగనంపి, దాన్ని ఓరగా వదిలి వెనక్కి వచ్చింది.

కారు చప్పుడు మలుపు దాకా వెళ్లి ఉంటుంది. మోతి వాకిలి నడుమ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. మెడ ఒక పక్కకు గుంజినట్టు వంగింది. కాళ్లు బిగుసుకున్నాయి. పక్కకు పడిపోయింది.

"పడ్డది!" వెంకన్న పండగ వచ్చినట్టు కేక పెట్టాడు. "బావా, పడ్డది! సారూ, ఆగుండ్రి!" అని చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి ఉరికాడు.

కృష్ణ అప్పటికే నేల మీద కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల తీసి మోతి తల కింద పెట్టాడు. దాని కాళ్లు నేలను కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ వస్తోంది, ఒళ్లంతా తడిసింది. అది తెలియక చేసుకున్న తడిని కృష్ణ తన లుంగీ అంచుతో తుడుస్తున్నాడు.

"రేణుకా" అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆమె పేరు ఆయన నోట వచ్చింది. ఆమె పరుగున వెళ్లి పక్కన కూలబడింది.

"గేటు ఏసిరా. ఇట్లున్నప్పుడు దీన్ని ఎవ్వలు చూడొద్దు."

ఆమె లేచి గేటు దగ్గరికి వెళ్లింది. మలుపులో కారు వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. కారు వెనక్కి వస్తోంది. ముందు వెంకన్న రెండు చేతులూ ఊపుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు.

"ఎయ్యకే! వస్తున్నరు, గేటు ఎయ్యకు!"

గేటు తెరిచి ఉంటే ఇంకాసేపట్లో అంతా అయిపోతుంది. పోయిన బస్సు వస్తుంది, పోయిన పేరు వస్తుంది. ఈ ఇంటి నెత్తిన తను వేసిన బండ తన చేతి మీదుగానే దిగిపోతుంది. వెనక్కి చూసింది. కృష్ణ మోతి మీదికి పూర్తిగా వంగి, తన వీపుతో దాన్ని కప్పేసి ఉన్నాడు.

రేణుక గేటు మూసి గొళ్లెం పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచింది.

"ఓ పిల్లా, నీకేమన్న మతి వోయిందా!" సమ్మక్క మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది. "తియ్యి. నా కొడుకు బతుకు బయట నిలవడ్డది. తియ్యి!"

"మీ కొడుకే ఎయ్యమన్నడు అత్తమ్మా."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె అత్త ముఖంలోకి చూస్తూ చెప్పిన మొదటి మాట అది.

బయట కారు ఆగింది. వెంకన్న రేకు మీద గుద్దాడు, తిట్టాడు, బతిమాలాడు. సారు "కృష్ణా" అని రెండుసార్లు పిలిచాడు. లోపల మోతి కాళ్లు నేలను కొట్టుకునే చప్పుడు ఇంకా ఆగలేదు.

తర్వాత గేటు కొట్టడం ఆగిపోయింది. గేటుకు ఆనుకుని ఎవరో మెల్లగా మాట్లాడారు. బిక్షపతి.

"చెల్లె, అందరు వద్దు. నేనొక్కన్నే వస్త. నాకు పగ లేదు, పంతం లేదు. రేపు నా బిడ్డను మీ ఆయన బస్సు ఎక్కియ్యాలంటె నా మనసు కుదుటవడాలె. నీకు గూడ బిడ్డ ఉన్నదట గదా. ఒక్కపారి చూడనియ్యి తల్లీ."

రేణుక వద్దని సారుకు చెప్పగలదు, అన్నకు చెప్పగలదు, చివరికి అత్తకు కూడా చెప్పేసింది. ఈ తండ్రికి ఏం చెబుతుంది?

ఆమె కృష్ణవైపు చూసింది. బిక్షపతి మాట ఆయనకూ వినిపించింది. కానీ మోతి మీది నుంచి తల ఎత్తలేదు, వద్దనలేదు, సరేననలేదు.

గొళ్లెం మీద రేణుక చెయ్యి అలాగే ఉంది.